ముప్పై ఎనిమిదో ఇంటి పెట్టె

గోదాములో అందరూ ఆయన్ని సుద్ద బాబాయ్ అంటారు. సుద్దముక్కలు పోయి మార్కర్లొచ్చి పదేళ్ళయినా పేరు మాత్రం పోలేదు. బెల్టు మీద పార్సిళ్ళు వస్తుంటే, లారీ దారిలో ఏది ఎన్నో ఇంట్లో దిగాలో చూసి దాని మీద ఆ అంకె వేస్తాడు. లోడర్లు అంకె చూసి లారీలో సర్దుతారు, ఆఖరిది లోపలికి, ఒకటోది తలుపు పక్కకి. చూడ్డానికి చంటిపిల్లల ఆటే. కానీ ఒక్కటి తప్పితే డ్రైవరు నడిరోడ్డు మీద సరుకంతా తిరగేసి, బాబాయ్ ఏడు తరాలనీ తలుచుకుంటాడు. ఇరవై రెండేళ్ళుగా ఆయన ఎవరికీ ఆ శ్రమ ఇవ్వలేదు. ఇంట్లో డబ్బాల మీద కూడా అంకెలు వేస్తాడని చెల్లెలు ఏడిపిస్తుంది, "నా నుదుట కూడా ఒకటి వెయ్యి అన్నయ్యా, తప్పిపోకుండా ఉంటాను" అని.

ఆ చెల్లెలికే ఊపిరితిత్తులు పాడయ్యాయి. నెలకో ఇంజెక్షను పడాలి. ఐసు పెట్టెలో, ఈ గోదాము లారీలోనే వస్తుంది. పోయిన నెల లారీ ఆలస్యమై ఐసు కరిగిపోయింది. పాడైన మందు ఎక్కించనని ఇంటికొచ్చిన నర్సు వెళ్ళిపోయింది. పదకొండు రోజులు ముక్కులో గొట్టంతో ఆ పిల్ల ఆసుపత్రిలో పడి ఉంటే, బాబాయ్ వరండాలో నిలబడి కనబడని దేవుళ్ళందరినీ బతిమాలాడు. ఇంకోసారి ఇలా అయితే తమ చేతుల్లో లేదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఈ నెల పెట్టె పొద్దున్నే బెల్టు మీద కనబడింది. ముప్పై ఎనిమిదో ఇల్లు. అంటే రెండున్నరకి గానీ చేరదు. ఐసు మూడింటి దాకా ఆగుతుంది. బండి ఒక్క అరగంట ఆలస్యమైతే మళ్ళీ పోయిన నెల కథే. పెట్టె పట్టుకుని సూపర్‌వైజరు దగ్గరికి పరిగెత్తాడు.

"సార్, ఇది మా చెల్లెలిది. నేనే పట్టుకెళ్తాను."

"గుమ్మంలో తప్ప ఎక్కడా ఇవ్వకూడదు బాబాయ్. రూల్సు మీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. పోనీ డ్రైవరుని బతిమాలదామంటే, సరుకెక్కాక గానీ డ్రైవర్లు రారు, వచ్చినా అవతలి గేటు నుంచి వస్తారు. వెనక బెల్టు ఆగేది కాదు.  అన్నిటికన్నా ముందు దిగిపోతుందని బాబాయ్ మార్కరు తీసి, ఐసు పెట్టె మీద పెద్దగా ఒకటి వేసేశాడు.

ఆయన అంకెని ఎవరు అనుమానిస్తారు? పెట్టె కొత్తల్లుడిలా దర్జాగా తలుపు పక్కనే కూర్చుంది.

డ్యూటీ దిగి, గేటు దగ్గర అప్పగించిన ఫోను తీసుకునేసరికి రెండూ నలభై. అప్పుడే అది మోగింది.

"అన్నయ్యా, బండి టైముకే వచ్చింది. డ్రైవరు కాగితం చూసుకుని, లోపలంతా వెతికి, ముప్పై ఎనిమిది లేదన్నాడు. వెళ్ళిపోయాడు."

బాబాయ్‌కి అప్పుడు తట్టింది. తను వేసే అంకె పెట్టెకి చోటు చూపిస్తుందే గానీ బండికి దారి చూపించదు. డ్రైవరు తన జాబితా ప్రకారమే తిరుగుతాడు. ఇది ఆయనకి తెలియదా? గోదాములో అందరికన్నా బాగా తెలుసు. భయంలో ఆ తెలివి ఎక్కడికి పోయిందో!

సూపర్‌వైజరు కాళ్ళ మీద పడ్డంత పని చేసి డ్రైవరుకి ఫోను చేయించాడు.

"ఆ పెట్టా?" అన్నాడు డ్రైవరు. "తలుపు దగ్గర తప్పు నంబరుతో ఉంటే, వేరే బండిదనుకుని వాపసు ఇద్దామని పొద్దున్నే తీసి నా పక్కన పెట్టుకున్నాను. కింద ఇంజను వేడి కదా, అంతా నీళ్ళు కారిపోయింది."

సూపర్‌వైజరు ఫోను పెట్టేసి కాగితాల్లోకి తలవంచుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.  బాబాయ్ చేతులారా చేశాడు. ముట్టుకోకుండా వదిలేస్తే ఈపాటికి ఆ పిల్లకి సూది పడి ఉండేది.

ఫోను మళ్ళీ మోగింది. మాటకీ మాటకీ మధ్య చెల్లెలు గాలి కోసం ఆగుతోంది.

"నువ్వు కంగారు పడకు అన్నయ్యా. ఎవరో కొత్తవాళ్ళు... తప్పు నంబరు వేసుంటారు. నువ్వే వేసుంటే... మనకీ గతి పట్టేదే కాదు."



"నేనే వేశానమ్మా," అన్నాడు.