పిన్ని గడ్డకు పట్టని రంగు

ఆసుపత్రిలో గడ్డల ముక్కలను మైక్రోస్కోపు కింద చూసే డాక్టరమ్మకు చుట్టాల్లో 'జిగురు డాక్టరు' అన్న పేరు పడటానికి కారణం ఆవిడ నోరే. ఒకసారి భోజనాల దగ్గర, రోజంతా ఏం చేస్తుంటావని ఎవరో అడిగారు.

"కణాలు ఒకదాన్నొకటి పట్టుకోడానికి వాటి మీద జిగురులాంటి ప్రోటీన్లుంటాయి. ఒక్కో జాతి కణానికి ఒక్కో జిగురు. గడ్డలో ఏ జిగురుందో రంగు వేసి చూస్తే, అదెక్కడ పుట్టిందో చాలావరకు తెలుస్తుంది" అని చెప్పింది.

మర్నాటి నుంచి ఎవరి చెప్పు తెగినా, చిన్నత్త పళ్లసెట్టు విరిగినా ఫోను ఆవిడకే.

ఇంతలో టైలరింగు షాపు నడిపే పిన్నికి ముంజేతి మీద గడ్డ లేచింది. చూస్తుండగానే గోళీకాయంత అయి కూర్చుంది. సర్జను చిన్న ముక్క తీసి పంపాడు. డాక్టరమ్మ చూస్తే, కణాలన్నీ నానా హడావుడిగా ఉన్నాయి, మధ్యమధ్య రక్తం చిందింది. రక్తనాళాల్లో పుట్టే క్యాన్సరేమోనని అనుమానం. నాళాల జిగురును పట్టే రంగు వేయమని టెక్నీషియన్‌కు చెప్పింది.

"ఇంటికెళ్లు పిన్నీ, ఫోన్ చేస్తాను."

"నా చెయ్యి ముక్క ఇక్కడ పెట్టుకుని నన్ను వెళ్లమంటావేంటే?"

పిన్ని కదల్లేదు సరికదా, పట్టుబట్టి మైక్రోస్కోపులోకి తొంగి చూసింది. "నల్లగా ఏవో కాళ్లు కొట్టుకుంటున్నాయే" అంది. అవి ఆవిడ కనురెప్పల వెంట్రుకలు.

స్లైడు వచ్చింది. ఎక్కడా రంగు లేదు. హమ్మయ్య అనబోయి డాక్టరమ్మ ఆగిపోయింది. ముక్కలోని మామూలు రక్తనాళాలకు కూడా రంగు పట్టలేదు. వాటికి పట్టి తీరాలి. అంటే పరీక్షే దండగ.

"పాత సీసా వాడేసినట్టున్నాను మేడమ్" అని టెక్నీషియన్ తల గోక్కున్నాడు.

డాక్టరమ్మ బయటికొచ్చి ఉన్నమాట చెప్పింది. "రంగు సరిగా పడలేదు పిన్నీ. మళ్లీ వెయ్యాలి."

"నేనైతే కుట్టు తేడా వచ్చినా ఒకసారి ఉతికితే అదే సర్దుకుంటుందని చెప్పి పంపించేదాన్ని. ఇంత నిజం చెబుతూ దుకాణమెలా నడుపుతున్నావే?" అంది పిన్ని. అన్నదే గానీ గడ్డ మీద నుంచి రెండో చెయ్యి తియ్యలేదు. డాక్టరమ్మ పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకుంది.

మర్నాడు కొత్త స్లైడులో నాళాలన్నీ గోధుమరంగులో చక్కగా తేలాయి. గడ్డ కణాల్లో ఒక్కటీ తేలలేదు. మిగతా రంగులూ ఒక్కొక్కటే వేసి చూస్తే రెండు వారాలకు అసలు సంగతి బయటపడింది. అది ఆర్భాటంగా లేచి దానంతటదే అణిగిపోయే రకం గడ్డ. క్యాన్సరు కాదు. ఆ కబురు చెప్పేసరికి అప్పుడే సగం తగ్గింది కూడా.

"పొద్దస్తమానం తిట్టానుగా, దానికి సిగ్గేసుంటుంది" అంది పిన్ని.

ఆ వారమే తన ఆడపడుచును వెంటబెట్టుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. డాక్టరమ్మ ఎంత వెతికినా ఆవిడకెక్కడా గడ్డ లేదు.

"లేదని నాకూ తెలుసు" అంది పిన్ని. "లేచేలోపే రంగేదో వేసెయ్యి."