ఇల్లంతా నీ జుట్టే

మా ఎదురింట్లో తెల్లారిందని తెలియడానికి గడియారం అక్కర్లేదు, టైలరక్క గొంతు చాలు.

"ఒసేయ్! ఇల్లంతా నీ జుట్టే!"

ఆ వెంటనే చీపురు చప్పుడు, ఆ వెనకే చెల్లెలి నవ్వు. ఆ అరుపు వినబడిందంటే పాలవాడు కూడా ఆలస్యమైపోయిందనుకుని నడక జోరు పెంచేవాడు.

ఆ ఇంట్లో వాళ్లిద్దరే. తల్లీ తండ్రీ తొందరగా పోతే చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది టైలరక్కే. ముందుగదిలో కిటికీ పక్కన కాలితో తొక్కే పాత కుట్టుమిషన్, దాని ముందు స్టూలు, స్టూలు మీద టైలరక్క. పెళ్లెందుకు చేసుకోలేదని నేను అడక్కుండా ఉంటానా? అడిగాను, ఒక్కసారి కాదు. నోట్లో గుండుసూదులు పెట్టుకునే జవాబు చెప్పేది: "కొలతలు కుదర్లేదు పెద్దమ్మా." ఆ పైన ఏం అడుగుతాం!

చెల్లెలు వీధి చివరి బ్యూటీ పార్లర్‌లో పనిచేసేది. ఏ రంగైనా ముందు తన తలకే వేసుకుని చూసేది. ఇవాళ వంకాయ రంగు, మళ్లీ చూస్తే దానిమ్మ రంగు. అందుకే వీధంతా దాన్ని రంగులపిల్ల అనేవాళ్లం. చివరికి రాగి రంగు దగ్గర ఆగింది. తోమిన రాగి చెంబు ఎండలో పెడితే ఎలా మెరుస్తుందో అలా ఉండేది ఆ జుట్టు, నడుం దాటి. అక్కకేమో చెవుల దాకా కత్తిరించిన నెరిసిన జుట్టు. అది కత్తిరించేదీ ఈ పిల్లే.

తలంటుకున్నప్పుడల్లా డ్రయ్యర్ పట్టుకొచ్చి మిషన్‌కి ఎడమవైపు నేల మీద చతికిలబడేది. ఇంట్లో వదులుగా లేని ప్లగ్గు అదొక్కటే మరి.

"కాలు జరుపు."

"మిషన్ నాదా, నీదా?"

"మిషన్ నీదే, నేల నాది. జరుపు."

తిడుతూనే టైలరక్క పాదం కాస్త జరిపి చోటిచ్చేది. డ్రయ్యర్ గాలికి వెంట్రుకలెగిరి గుడ్డల మీద వాలేవి. ఒకసారి ఓ బ్యాంకు మేనేజరు కొత్త చొక్కా కాలరులోంచి మూరెడు రాగి వెంట్రుక బయటపడింది. ఆయన భార్య ఇంట్లో అడగాల్సినవన్నీ అడిగి, అప్పటికీ తృప్తి తీరక, ఆయన్ని వెంటబెట్టుకుని టైలరక్క గుమ్మంలోకొచ్చింది. రంగులపిల్ల తల బయటపెట్టి "ఆ వెంట్రుక నాదేనండీ, మీ ఆయన మాత్రం నాకు తెలీదు" అంది. మేనేజరుగారికి అప్పుడు ఊపిరొచ్చింది. టైలరక్కకి మాత్రం తల కొట్టేసినట్టయింది.

"రేపట్నుంచి పెరట్లో ఆరబెట్టుకో!"

"పెరట్లో ప్లగ్గేదీ? నీ ముక్కుకి రెండు కన్నాలున్నాయిగా, అందులో పెట్టుకోనా?"

నేను కిటికీలోంచి విని కడుపు చెక్కలయ్యేలా నవ్వాను.

ఆ పిల్లకి మెట్లెక్కితే ఆయాసం రావడం మొదలైంది. గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదన్నారు డాక్టర్లు. ఆపరేషన్ చేస్తే మామూలు మనిషవుతుందన్నారు. ఆసుపత్రికి బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం సూది అరువడిగే మిషతో వెళ్లాను. అక్క బజారుకెళ్లింది. చెల్లెలు వెనక మెట్టు మీద రెండు బకెట్లు పెట్టుకుని కూర్చుని ఉంది.

తన సామానంతా ముందేసుకుంది. తోకదువ్వెన కొసతో ఒక్కో బ్రష్షులోంచీ చిక్కుకున్న జుట్టు పైకెత్తి లాగింది. ప్లాస్టిక్ దువ్వెనల్ని షాంపూ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో నానేసింది. చెక్కపిడి బ్రష్షుని మాత్రం ముంచలేదు. ముళ్ల కొసలే తడిసేలా పట్టుకుని పాత పళ్లబ్రష్షుతో రుద్దింది.

"ముంచితే చెక్క ఉబ్బిపోతుంది పెద్దమ్మా. లోపలి మెత్తలోకి నీళ్లెళ్తే బూజు" అని చెప్పి, దాన్ని తువ్వాలు మీద ముళ్లు కిందికి ఉండేలా బోర్లించింది.

డ్రయ్యర్ వెనక జాలీ ఊడదీసి, దూదిలా పేరుకున్న దుమ్మంతా దులిపింది. జుట్టు సాపు చేసే మిషన్ రేకుల్ని తడిగుడ్డతో తుడిచింది. కత్తెర మర మీద ఒక్క చుక్క నూనె వేసింది. అది అక్క కుట్టుమిషన్ నూనె, అడక్కుండా తెచ్చింది. మధ్యమధ్యలో ఆగి, గుండె మీద చెయ్యేసుకుని, ఊపిరి కూడదీసుకునేది.

"ఇప్పుడెందుకే ఈ చాకిరీ? వచ్చాక చేసుకోవచ్చుగా" అన్నాను.

"వచ్చాక కొన్నాళ్లు చెయ్యెత్తనివ్వరంట. నేను లేనన్నాళ్లూ మా అక్కకి ఈ ఇంట్లో ఒక్క వెంట్రుక కనపడకూడదు పెద్దమ్మా. అరవడానికేమీ దొరక్క గిలగిల్లాడిపోవాలి." నవ్వబోయి దగ్గింది.

బ్రష్షుల్లోంచి తీసిన జుట్టంతా నిమ్మకాయంత ఉండ అయింది. అంత రాగి రంగు ఒక్కచోట చూస్తే ముద్దుగానే ఉంది.

"దీన్నేం చేస్తావే?"

"దాచి, మా అక్కకి సవరం కట్టిస్తా."

అని, కాగితంలో చుట్టి, అప్పుడే వీధిలోకొచ్చిన చెత్తబండిలో వేసేసింది. ఆ తర్వాత ఇల్లంతా ఊడ్చి తడిగుడ్డ పెట్టింది. ఒక గది, కాసేపు కూర్చోవడం, ఇంకో గది.

ఆసుపత్రికి నడిచివెళ్లిన పిల్ల మళ్లీ ఇంటికి నడిచి రాలేదు. ఆపరేషన్ మధ్యలోనే గుండె ఆగిపోయిందని చెప్పారు. తల చుట్టూ ఆసుపత్రి టోపీ బిగించి ఉంది, అలాగే సాగనంపేశాం. ఆ టోపీ తీసి ఒక్కసారి జుట్టు నిమరాలని కూడా ఆ క్షణాన టైలరక్కకి తోచలేదు. ఎవరికి తోస్తుంది?

వచ్చేపోయే జనం తగ్గాక ఒకరోజు వెళ్లాను. టైలరక్క పడకగదిలో నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ చెల్లెలి సామాను. ఒక్కో బ్రష్షూ కిటికీ వెలుతురుకి ఎత్తి, తిప్పి, మళ్లీ తిప్పి చూస్తోంది. డ్రయ్యర్‌ని మరలు విప్పి ముక్కలు ముక్కలుగా పరిచింది.

"పెద్దమ్మా, ఈ ముళ్ల మధ్యలో ఏమన్నా కనిపిస్తోందా చూడు."

"ఏం కనిపించాలే?"

"జుట్టు. ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటి."

చూశాను. ముళ్ల మొదళ్లలో చూశాను, కత్తెర మర కింద చూశాను. కడిగిన ముత్యంలా ఉంది ప్రతిదీ. దిండుగలీబులూ దుప్పట్లూ సాయానికొచ్చిన బంధువులు ఉతికేశారు. ఆసుపత్రికి తీసుకెళ్లిన కొత్త దువ్వెన అక్కడే ఎక్కడో పోయింది. టైలరక్క పార్లర్‌కి కూడా పరుగెత్తిందట. ఏ పూట జుట్టు ఆ పూటే ఊడ్చి పారేస్తామన్నారట అక్కడి పిల్లలు, చెల్లెలు నేర్పిన పద్ధతే అని కూడా చెప్పారట.

ఇన్నేళ్లూ అడుగడుక్కీ కాళ్లకి చుట్టుకున్న జుట్టు, కావాలనుకున్నప్పుడు చేతికి చిక్కలేదు.

"ఫోటోలో ముఖం ఉంది పెద్దమ్మా. చేతికి తగిలేదేమీ లేదు" అంది. చెక్కపిడి బ్రష్షు ముళ్లని బొటనవేలితో మీటింది. తర్వాత మెల్లిగా అంది: "పుట్టి బుద్ధెరిగాక నా మాట ఒక్కటీ వినలేదు అది. ఆ ఒక్కరోజే వినిపోయింది."

నా నోరు ఊరికే ఉండదని వీధికంతా తెలుసు. ఆ నిమ్మకాయంత ఉండ సంగతి మాత్రం చెప్పలేదు.

మళ్లీ కుట్టుపని మొదలుపెట్టింది టైలరక్క, అదీ అందరం పోరు పెడితే. కానీ మిషన్ మొరాయించేది. రెండు కుట్లు పడేసరికి చక్రం బిగుసుకునేది. చలి మొదలయ్యేసరికి మెకానిక్‌ని పిలిపించింది. ఆయన మాటకారి.

"అక్కా, నువ్వు మిషన్ తొక్కుతున్నావా, రోడ్డురోలరు తోలుతున్నావా?"

టార్చి పట్టుకుని మిషన్ కిందికి వెల్లకిలా దూరాడు. నేను గుమ్మంలోంచే మెడ సాచాను.

"హా, దొరికింది దొంగ! కింది పెద్ద చక్రం ఇరుసుకి దారప్పోగులు, దాని మీద జుట్టు... ఎన్నేళ్ల నుంచి చుట్టుకుందో, తాడులా పేనుకుపోయింది. ఎవరిదక్కా ఇంత పొడుగు జుట్టు? ఒక బ్లేడివ్వు. ఒక్క కోతతో వదిలిపోతుంది."

టైలరక్క స్టూలు మీంచి ఎప్పుడు దిగిందో నేను చూడలేదు. ఆయన పక్కనే నేల మీద పడుకుని, ఆ టార్చి లాక్కుని లోపలికి చూస్తోంది. నేనూ వంగాను. ఇరుసు చుట్టూ నల్లటి జిడ్డు, ఆ జిడ్డు మీద రాగి ఉంగరంలా సన్నగా మెరుస్తున్న చుట్ట. ఆ పిల్ల చీపురు అంత లోపలికి పోలేదు.

"బ్లేడొద్దు" అంది టైలరక్క.

లోపలికెళ్లి చెల్లెలి కనుబొమల పట్టకారు తెచ్చింది. ఊపిరి బిగబట్టి, ఒక వెంట్రుక కొస పట్టుకుని, పసిపిల్ల చెవిలోంచి పోగు తీస్తున్నట్టు లాగింది. నూనెలో నాని, రాపిడికి మాడి ఉందది. ఎండుగడ్డిలా పుటుక్కున తెగి గోరంత ముక్క వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని, మరో చెయ్యి అడ్డుపెట్టుకుని కిటికీ దగ్గరికి నడిచింది. వెలుతుర్లో చెయ్యి తెరిచి చూస్తే అరచెయ్యే ఉంది.

ముగ్గురం మోకాళ్ల మీద నేలంతా తడిమాం. దొరకలేదు. మెకానిక్ కూడా ఎందుకని అడగలేదు.

చివరికి టైలరక్క లేచి కూర్చుంది. "మిగతా అంతటా నూనె వెయ్యి తమ్ముడూ. ఆ ఇరుసు జోలికెళ్లకు."

"రోగమంతా అక్కడే ఉందక్కా. తియ్యకపోతే ఇంకా పట్టేస్తుంది."

"పట్టుకోనీ" అంది.

ఆ తర్వాత కొన్నాళ్లు ఆ మిషన్ కిర్రుకిర్రుమనడం మా ఇంట్లోకి వినబడేది. కుట్లు తప్పుతున్నాయని చాలామంది వేరే టైలర్లని చూసుకున్నారు. మొన్న చక్రం పూర్తిగా బిగుసుకుపోయింది. దాన్ని కదిలించడానికి ఒక్క కోత చాలని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

ఇప్పుడు చేత్తో కుడుతోంది. ఉన్న కాస్త పనికీ చెయ్యి చాలునంటోంది. స్టూలు మాత్రం జరపలేదు. ఆ బిగుసుకుపోయిన మిషన్ ముందే కూర్చుని, ఒళ్లో గుడ్డ పెట్టుకుని, తల వంచుకుని కుట్టుకుంటుంది. పొద్దున్నే అరుపూ లేదు, చీపురు చప్పుడూ లేదు. నా కిటికీలోంచి చూస్తూనే ఉంటాను కదా, కుడుతూ కుడుతూ ఒక్కోసారి ఆగుతుంది. ఎడమవైపు, ఆ ప్లగ్గు కింద నేల మీదికి చూసి, పాదం కాస్త జరిపి చోటిస్తుంది.