ఔనుగారు కాదన్న రోజు

మా అక్క మొగుణ్ణి వీధి వీధంతా ఔనుగారు అని పిలుస్తుంది. అసలు పేరుతో పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి కూడా చూడడు, ఇంకెవరినో అనుకుంటాడు. ఆయన సెలూన్‌లో రెండో కుర్చీ నాది. మొదటి కుర్చీలో కూర్చున్నవాళ్లు ఏది చెప్పినా "ఔనండి" అనడం బావ పని. అది వింటూ పళ్లు నూరుకోవడం నా పని. అలాంటి మనిషి ఒకరోజు, వీధి పెద్దలందరి ముందూ, కాదన్నాడు! చెప్పడం మొదలుపెడితే చాలు, ఇప్పటికీ నా ఒంట్లో రక్తం పరుగులు తీస్తుంది.

ఆ కాదు ఎంత పెద్దదో తెలియాలంటే ముందు ఆయన ఔను ఎలాంటిదో చెప్పాలి. ఒకసారి ఒక మామగారు జుట్టు కత్తిరించుకుంటూ అల్లుణ్ణి దులిపేశాడు, ఒట్టి సోమరిపోతన్నాడు. బావ ఔనండి అన్నాడు. సాయంత్రం ఆ అల్లుడే వచ్చి కూర్చుని మామగారిని ఉతికి ఆరేశాడు, పరమ పిసినారి అన్నాడు. దానికీ ఔనండే. ఇంటికెళ్లి ఇద్దరూ "సెలూన్ ఆయన కూడా నా మాటే అన్నాడు" అని ఒకరి మీద ఒకరు ఎగిరి, చివరికి తేల్చుకుందామని కలిసి మా దగ్గరికే వచ్చారు. బావ ఇద్దరికీ టీ తెప్పించి, ఇద్దరు చెప్పిందీ శ్రద్ధగా విని, "ఔనండి, మీరిద్దరూ అనేది నిజమే" అన్నాడు. వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయారు! నేనైతే ఇద్దర్నీ మెడబట్టి గెంటేవాణ్ణి.

"ఎందుకు బావా ఇలా గంగిరెద్దులా తలూపుతావు?" అని నిలదీశాను.

"నీకింకా పని రాలేదురా బామ్మర్దీ," అన్నాడు. "గడ్డం గీసేటప్పుడు ఔనంటే మనిషి తృప్తిగా నోరు మూస్తాడు, దవడ కదలదు. కాదన్నావనుకో, ఎందుకు కాదని అడుగుతాడు, మెడ తిప్పుతాడు, చెయ్యి ఊపుతాడు. నెత్తురొస్తుంది. ఔను మన సామాన్లలో ఒకటి, బ్రష్షు లాగా, తువ్వాలు లాగా. దాన్ని పట్టుకుని అభిప్రాయం అంటావేంటి?"

వాళ్ల నాన్న కూడా అలాగే నేర్పాడట. చిన్నప్పటి నుంచీ చేసిన పని ఒంటికి పట్టేస్తుంది కాబోలు, ఇంట్లోనూ అదే తంతు. "మీ బావతో దెబ్బలాడటం కంటే గోడతో దెబ్బలాడటం నయం, గోడకి కనీసం పెచ్చులైనా ఊడతాయి," అంటుంది మా అక్క.

ఇక కప్పు సంగతి. మా వీధి ఫుట్‌బాల్ జట్టు ఊరి పోటీల్లో ఫైనల్ దాకా రావడమే ఒక వింత. ఆటకు ముందురోజు జట్టంతా మా సెలూన్‌లో గడ్డాలు గీయించుకుంటారు, అది ఆనవాయితీ. ఇస్త్రీ అక్క వాళ్ల చొక్కాలు మడత నలగకుండా తానే మైదానానికి మోసుకొస్తుంది, అది ఇంకో ఆనవాయితీ. ఇస్త్రీ అక్కంటే వీధి మొదట్లో మా వీధి సంఘం వాళ్ల చిన్న గదిలో ఇస్త్రీ కొట్టు నడిపే ఆవిడ. మొగుడు పోయాక ఆ బొగ్గుల పెట్టె మీదే బతుకు ఈడ్చుకొచ్చింది. మనసులో ఒకటీ నోట్లో ఒకటీ పెట్టుకోవడం చేతకాని మనిషి. బావకీ ఆవిడకీ మధ్య ఉన్న తేడా కంటే నిప్పుకీ నీళ్లకీ మధ్య తేడా తక్కువ.

అబ్బ, ఆ ఆట! రెండు జట్లూ సమానంగా ఉన్నాయి, ఇంకాసేపట్లో అయిపోతుంది. గోల్ ముందు ఒకటే తోపులాట. మా పదో నంబరు కుర్రాడు గాల్లోకి లేచాడు, బంతి వలలో పడింది! నేను పక్కనున్నవాడి మెడ పట్టుకుని వేలాడి అరిచాను. తర్వాత చూస్తే వాడు ఎదుటి జట్టు తరఫువాడు. ఎప్పుడూ గొంతు పెంచని మా బావ చెప్పు తీసి ఆకాశంలోకి విసిరాడు, అది ఇప్పటికీ దొరకలేదు. ఒంటి చెప్పుతో ఊరేగింపు వెంట గెంతుకుంటూ వచ్చాడు.

ఊరేగింపు ఇస్త్రీ కొట్టు ముందు ఆగింది. ఎవరో కప్పు పైకెత్తి, "అక్కా, గోల్‌పోస్టు పక్కనే ఉన్నావుగా, ఎలా ఉంది మన గోల్?" అని అరిచారు.

ఆవిడ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, చేతులు తుడుచుకుంది. "కప్పు బాగుంది. గోల్ మాత్రం చెల్లదు. బంతి వాడి చేతికి తగిలింది."

డోళ్లు ఆగిపోయాయి.

"ఏమన్నావ్?"

"తగిలింది అన్నాను. చెవుడా?"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు. కానీ అది ఉన్నమాట కాదు, నా లెక్కలో ఇప్పటికీ కాదు. అది గోలే! మర్నాడు ఓడిన వీధివాళ్లు "మీ వీధి మనిషే చెప్పిందిగా" అని వేళాకోళం మొదలుపెట్టారు. పుండు మీద కారం చల్లినట్టయింది. ఇస్త్రీ కొట్టుకి బట్టలు రావడం ఆగిపోయింది. ఆవిడ ఎదురొస్తే జనం రోడ్డు దాటి అటువైపు నడిచారు. తలుపు మీద ఎవరో సుద్దతో "ద్రోహి" అని రాశారు. ఆవిడ తడిగుడ్డతో తుడిచేసి, లోపల కూర్చుని తన చీరలే తీసి ఇస్త్రీ చేసుకుంది. చేతులు ఖాళీగా కనబడితే చూసేవాళ్లకి అలుసు కదా.

వీధిలో ఒక చిత్రమైన జబ్బు మొదలైంది. మా కుర్చీలో కూర్చోబోయే ప్రతివాడూ ముందుగా "అది గోలే కదా!" అని అందరికీ వినబడేలా గట్టిగా అని, ఆ తర్వాతే కూర్చునేవాడు. ఎవరూ అడగకుండానే! అనకపోతే తన తలుపు మీద సుద్ద పడుతుందని భయం. బావ అదివరకులా ఔనండి అనడం తగ్గించాడు. ఊఁ అని ఊరుకునేవాడు. సెలూన్ తువ్వాళ్ల మూట నేను ఇంకో కొట్టుకి తీసుకెళ్లబోతే నా చేతిలోంచి లాక్కుని, వెనక సందులోంచి ఇస్త్రీ అక్క దగ్గరికి వెళ్లాడు. మళ్లీ ఆ సందులోంచే, తువ్వాళ్లు చొక్కా కింద దాచుకుని దొంగసొత్తులా తెచ్చాడు.

"ఆవిడ మాట నిజమంటావా బావా?"

"ఛ, గోలేరా! నేను చూడలేదూ?" అన్నాడు. "కానీ ఇదేం బాగాలేదు." అని తువ్వాళ్లు అరలో సర్దుకున్నాడు.

సంఘం సమావేశాలు మా సెలూన్‌లోనే జరుగుతాయి. పొడుగాటి బల్లలున్న చోటు వీధిలో ఇంకోటి లేదు. ఇంకో సుగుణం కూడా ఉంది. రెండు వైపులా అద్దాలు కాబట్టి అందరి మొహాలూ అందరికీ కనబడతాయి, మూల కూర్చుని మొహం చిట్లించినా దొరికిపోతారు. అధ్యక్షుడుగారు, అంటే మేకులూ తాళాలూ అమ్మే కొట్టు యజమాని, మా పదో నంబరుకి పెదనాన్న, మొదటి కుర్చీలో గడ్డం గీయించుకుంటూనే సభ నడిపిస్తాడు. చివర్లో "ఏమంటావు ఔనుగారూ?" అంటాడు. బావ "ఔనండి" అంటాడు. సభ ముగిసినట్టు. గంట కొట్టే బదులు అదన్నమాట.

ఆ సాయంత్రం బల్లలు చాలక జనం గుమ్మంలో నిలబడ్డారు. వచ్చిన విషయం ఒకటే. ఇస్త్రీ గది సంఘానిది, ఆవిడ చేత ఖాళీ చేయించాలి. అంటే ఆవిడ కడుపు మీద కొట్టడం, ఆ సంగతి అందరికీ తెలుసు. ఆవిడని పిలవలేదు. ఒక్కొక్కరే లేచి "వీధి పరువు" అన్నారు, కూర్చున్నారు. నేనూ బల్ల గుద్దాను.

"అయితే అందరిదీ ఒకటే మాట," అన్నాడు అధ్యక్షుడు నురగలోంచి. "ఎవరికైనా అభ్యంతరమా?" అద్దాల్లో మొహాలన్నీ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. "ఏమంటావు ఔనుగారూ?"

పెద్దలు అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు.

బావ కత్తి మడిచాడు. అధ్యక్షుడి ఒక చెంప నున్నగా ఉంది, ఇంకో చెంప నిండా నురగ. సగం గడ్డంలో బావ కత్తి మడవడం నా జన్మలో చూడలేదు! దాన్ని అద్దం కింద అరలో, చెయ్యి అందనంత దూరంగా పెట్టాడు. అప్పుడు అర్థమైంది నాకు. ఈ కుర్చీలో మనిషి మెడ తిప్పబోతున్నాడు!

"కాదండి," అన్నాడు.

చెప్పులు వెతుక్కునే కాళ్లు ఎక్కడివక్కడే ఆగాయి.

"ఏంటీ?" అధ్యక్షుడి మెడ గిరుక్కున తిరిగింది.

"కాదండి. ఖాళీ చేయించకూడదండి."

"అంటే గోల్ చెల్లదంటావా?"

"గోలేనండి. నేను చూశాను. ఆవిడ పొరబడింది," అన్నాడు బావ. "పొరబడితే మాత్రం కూడు తీసేస్తారా? ఈ కుర్చీలో నేను ఎన్ని తప్పుడు మాటలు విన్నానో మీకు తెలీదు. మీవే బోలెడు విన్నాను. ఎవరి కొట్టూ మూయించలేదే!"

గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇవాళ గోల్ గురించి ఆవిడ నోరు మూయించారనుకోండి. రేపు మీ లెక్క తప్పయితే మీకు చెప్పేదెవరు? నేనా? నాకు ఔననడమే వచ్చు. నాకిప్పుడు కూడా భయంగానే ఉందండి, కాళ్లు చూడండి ఎలా వణుకుతున్నాయో."

అందరూ ఆయన కాళ్లు చూశారు. నిజంగానే వణుకుతున్నాయి! పంట్లాం అంచులు టపటపమంటున్నాయి. అయినా ఆ మనిషి అక్కడి నుంచి కదల్లేదు. ఆ కాళ్లు చూసేసరికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి, నేను ఆవిడ మీద మండిపడేవాణ్ణి అయ్యుండి కూడా.

అధ్యక్షుడు మెడలో గుడ్డతోనే లేచాడు. "నీ కొట్టు కూడా ఈ వీధిలోనే ఉంది. గుర్తు పెట్టుకో."

"ఔనండి," అన్నాడు బావ. "ఈ వీధిలోనే ఉంది."

అప్పుడు బల్ల చివరి నుంచి దర్జీ తాత సన్నగా దగ్గాడు. "నాకూ గది ఖాళీ చేయించడం ఇష్టం లేదు బాబూ. అడిగితే చెబుదామనుకున్నాను." వెంటనే పాలకేంద్రం బాబాయి లేచాడు. ఆయన మొహం ఎర్రగా అయిపోయింది. "అసలు నాకు కూడా చేతికి తగిలినట్టే అనిపించింది. చెబితే నా పాలు పారబోయిస్తారని ఊరుకున్నా."

ఇంకేముంది! "కళ్లజోడు మార్చుకో బాబాయ్!" అని నేను ఎగిరాను. "నువ్వు బుర్ర మార్చుకో!" అని ఆయన నా మీదికి ఎగిరాడు. ఇంకెవరో భుజం అన్నారు, ఇంకెవరో తలన్నారు. అసలు ఆ గది పైకప్పు కారుతోంటే సంఘం ఎందుకు బాగుచేయించలేదని ఇంకొకాయన మొదలుపెట్టాడు. అద్దాల నిండా తెరిచిన నోళ్లే. ఇన్నాళ్లూ ఈ మాటలన్నీ ఎక్కడ దాచుకున్నారో ఒక్కొక్కరు! తీర్మానం ఆ గోలలో ఎక్కడ కొట్టుకుపోయిందో ఎవరికీ తెలీదు. అధ్యక్షుడు సగం గడ్డంతో విసవిసా వెళ్లిపోయాడు, ఆయన వెంట నడిచినవాళ్లు మాత్రం చాలా తక్కువ.

ఇదంతా విని మా అక్క నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇంట్లో కూడా ఒక్కసారి అనండి ఆ మాట. ఎలా ఉంటుందో నేనూ వింటాను," అంది. బావ సిగ్గుపడ్డాడు.

మర్నాడు పొద్దున మొదటి కుర్చీ ఖాళీ. రోజూ వచ్చేవాళ్లు కొందరు తల వంచుకుని మా గుమ్మం దాటి పోయారు. బావ దువ్వెనలు కడిగాడు, తుడిచాడు, మళ్లీ కడిగాడు. అప్పుడు ఇస్త్రీ అక్క వచ్చింది. కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చిందనుకున్నాను. ఆ మొహం చూస్తే అలా లేదు.

"ఏమయ్యా, గోలే అన్నావట?"

"అన్నాను అక్కా."

"నిజంగా అనిపించే అన్నావా, వాళ్లకి భయపడి అటొక ముక్క కలిపావా?"

బావ దువ్వెన కింద పెట్టాడు. "నిజంగానే. నువ్వు పొరబడ్డావు అక్కా. బంతి వాడి భుజానికి తగిలింది. చెయ్యి కాదు."

చూస్తుండగానే ఆ గట్టి మనిషి కళ్లు నిండిపోయాయి. "కప్పు వచ్చిన రోజు నుంచీ, నువ్వు తప్పు అని నా మొహం చూసి చెప్పినవాడివి నువ్వొక్కడివే తమ్ముడూ," అంది. "మిగతా అందరూ మొహం తిప్పుకున్నారు. ఇన్నాళ్లూ ఆ గదిలో కూర్చుని నాతో నేనే వాదించుకున్నాను."

చెంగుతో కళ్లు ఒత్తుకుంది. వెంటనే గొంతు ఆకాశానికి లేచింది. "అయినా తప్పు నీదే! నడు మైదానానికి. నేనెక్కడ నిలబడ్డానో, వాడి చెయ్యి ఎక్కడుందో చూపిస్తా!"

"నడు! నేనూ చూపిస్తా!" అన్నాడు మా బావ.

ఇద్దరూ రోడ్డెక్కారు. "కాదు" అని ఆయన, "కాదంటే కాదు" అని ఆవిడ. చేతులు ఊపుకుంటూ, అరుచుకుంటూ వీధి మధ్యలో నడిచి వెళుతున్నారు. దర్జీ తాత మిషను ఆపి బయటికొచ్చాడు, పాలకేంద్రం బాబాయి వాళ్ల వెంట పడ్డాడు. నేను షట్టర్ కిందికి లాగి పరుగెత్తాను. అది గోలని ఆవిడకి చెప్పాలి. నా నోటితో, ఆవిడ మొహం చూసి చెప్పాలి.