నున్నగొట్టం తుపాకి

మా బావ తుపాకులు బాగుచేస్తాడు. అనగానే కోరమీసాలూ ఎర్రటి కళ్ళూ ఊహించుకోకండి. ఇంట్లో బల్లి కనిపిస్తే కుర్చీ ఎక్కి మా అక్కని కేకేసే రకం. ఒకే గదికి మధ్యలో తెర కట్టి ఇద్దరం పంచుకున్నాం. వీధివైపు నా కుట్టుమిషను, గోడవైపు అతని బల్ల.

పనిమంతుడే, కాదనను. కానీ చేతులు ఖాళీ లేకపోతే ఏ వస్తువునైనా నోట్లో పెట్టుకుంటాడు. మేకు, స్ప్రింగు, స్క్రూ, ఏదైనా సరే. ఒకరోజు అన్నం తింటుంటే పంటికింద స్క్రూ తగిలిందని మా అక్క మీద ఇంతెత్తున లేచాడు, బియ్యం సరిగ్గా ఏరలేదట! ఆ స్క్రూ పొద్దున్నుంచీ అతని దవడలోనే ఉంది.

ఒక ఉదయం రిటైరైన నర్సమ్మ ఒకావిడ వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. దుప్పట్లో చుట్టిన పాత తుపాకిని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చింది.

"మా నాన్న ధాన్యం గోదాములో కాపలాదారు బాబూ," అంది. "ఎలకల్ని, పిట్టల్ని తోలడానికి కంపెనీవాళ్ళు ఇది ఇచ్చారు. తర్వాత కొత్త మేనేజరొకడు వచ్చాడు. గొట్టంలో తొంగిచూసి, రైఫిలుకి ఉండాల్సిన గాడులేవీ అన్నాడు. నాన్నే గీకించి పాడుచేశాడని ఉద్యోగం పీకేశాడు. ఈ తుక్కు నువ్వే ఉంచుకుని ఏడువు అని మొహాన కొట్టాడు. 'నాకిచ్చిననాడే నున్నగా ఉంది' అని చచ్చేదాకా చెప్పాడు నాన్న. మా తమ్ముడు ఇప్పటికీ నమ్మడు. ఇది ఫ్యాక్టరీలోంచే ఇలా వచ్చిందా, తర్వాత ఎవరైనా గీకారా? ఆ ఒక్కటి తేల్చిపెట్టు, చాలు."

బావ మొహం వెలిగిపోయింది. "రిమ్‌ఫైర్ అమ్మా ఇది! తూటా అడుగున మధ్యలో కాదు, అంచు మీద దెబ్బపడితే పేలుతుంది. మామూలుగా ఇలాంటి గొట్టాల్లో మెలి తిరిగిన గాడులుంటాయి, గుండు సూటిగా పోవడానికి. కానీ ఆవగింజలంత గుళ్ళు చల్లడానికి కొన్నిటిని ఫ్యాక్టరీవాళ్ళే నున్నగా చేసేవారు. ఇప్పుడే తేల్చేస్తా, కూర్చోండి."

తేల్చే పద్ధతి ఏమిటంటే, మెత్తటి సీసం ముక్కకి నూనె రాసి గొట్టంలో ఈ కొసనుంచి ఆ కొసకి కర్రతో నెట్టాలి. లోపల గాడి జాడ వెంట్రుకంత మిగిలినా సీసం మీద అచ్చు పడుతుంది. బావ చెమటలు కక్కుతూ నెట్టాడు. సీసం బయటికొచ్చి అరచేతిలో పడింది. సరిగ్గా అప్పుడే బల్ల మీంచి తుపాకి జారింది. రెండు చేతులతో దాన్ని పట్టుకోవాలి కదా, సీసం నోట్లోకి పోయింది.

తెర పక్కనుంచి నేను చూస్తూనే ఉన్నాను. సీసం విషం, ఉమ్మెయ్యమని అరుద్దామంటే నా నోట్లో అరడజను గుండుసూదులు. "ఊఁ! ఊఁ!" అన్నాను. అతనూ సీసాన్ని దవడలో అటూ ఇటూ దొర్లిస్తూ "ఊఁ" అన్నాడు. తుపాకిని బిగించి, తీరిగ్గా సీసం బయటికి తీసి, భూతద్దం పెట్టి చూశాడు.

"ఆరు గీతలు!" అన్నాడు. "ఇందులో గాడులుండేవమ్మా. తర్వాతెవరో గీకించారు."

నర్సమ్మ దుప్పటి మడతపెట్టుకుంది. "అయితే నాన్న అబద్ధమే చెప్పాడన్నమాట," అని లేచింది. "ఆ తుపాకి ఇక్కడే పడుండనీ బాబూ. ఇంటికి తీసుకెళ్ళలేను." నాకు ప్రాణం ఉసూరుమంది.

మర్నాడు బల్ల తుడుస్తుంటే ఆ సీసం దొరికింది. నా భూతద్దం కుట్లు లెక్కపెట్టేది, బావదానికంటే మంచిది. చూశాను. గాడుల అచ్చయితే ఏటవాలుగా ఉండాలి. ఇవి నిటారుగా ఉన్నాయి. పైగా ఆరింటిలో మూడు సరిగ్గా ఒకేచోట తెగి ఉన్నాయి. మా బావ పైపళ్ళ మధ్య బఠాణీ దూరేంత సందుంది.

"బావా, ఒకసారి ఈ అని పళ్ళు చూపించు."

"ఎందుకూ?"

"చూపించమంటుంటే!"

చూపించాడు. నాకు నవ్వాగలేదు, కోపమూ ఆగలేదు. "నీ మొహం మండా! ఆ గీతలు గొట్టంవి కాదు, నీ పళ్ళవి!"

"నోర్ముయ్. ముప్పై ఏళ్ళ అనుభవం నాది."

"ముప్పై రెండు పళ్ళ అనుభవం!"

మూడు రోజులు ఒప్పుకుంటే ఒట్టు. ఫ్యాక్టరీలోనే గాడులు నిటారుగా కోసుంటారన్నాడు. నా భూతద్దం పగిలిందన్నాడు. నాలుగో రోజు మా అక్క గరిటె పట్టుకొచ్చి, "కొత్త సీసం నెట్టు. నోరు తెరిచావో, ఇది పెట్టేస్తా," అంది. బావ నోరు బిగించుకుని నెట్టాడు. సీసం అద్దంలా వచ్చింది, ఒక్క గీత లేదు. కాలిపర్ తీసి కన్నాన్ని కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. మెల్లగా స్టూలు మీద కూలబడ్డాడు.

"గాడులు గీకెయ్యాలంటే వాటి అడుగుదాకా ఇనుము పోవాలి," అన్నాడు. "అప్పుడు కన్నం పెద్దదవుతుంది. ఈ కన్నం ఆ కొలతకంటే సన్నగా ఉంది. లోపల వేరే గొట్టం దూర్చిన అతుకూ లేదు. ఇందులో గాడులు ఏనాడూ లేవే మరదలా. పుట్టుకే నునుపు."

"అయితే పద, ఆవిడ దగ్గరికి."

"నువ్వెళ్ళి చెప్పకూడదూ?"

"పళ్ళు నావా?"

వెళ్ళాం. చిన్న ఇల్లు. నర్సమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. ఆవిడ తమ్ముడు పేపరు చదువుకుంటున్నాడు. దారిపొడుగునా బావ బ్రహ్మాండమైన ఉపన్యాసం తయారుచేసుకున్నాడు కానీ, గుమ్మంలో అదంతా ఆవిరైపోయింది.

"అమ్మా, తప్పు చెప్పాను. అది ఫ్యాక్టరీ గొట్టమే. మీ నాన్నగారు చెయ్యి కూడా పెట్టలేదు. ఆ గీతలు నేను కొరికినవి." రుజువుగా ఈ అని పళ్ళు కూడా చూపించాడు.

'తప్పు చెప్పాను' అన్న మాట, పెళ్ళయినప్పటినుంచీ మా ఇంట్లో ఎవరూ బావ నోట విననిది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కొంత ఉల్లిపాయలవల్ల కూడా.

తమ్ముడు పేపరు పక్కన పెట్టాడు. కన్నం కొలత సంగతి రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత అక్కవైపు తిరిగి, "నాన్న ఆ మాట చెప్పినప్పుడల్లా నేను మొహం మీదే నవ్వేవాణ్ణక్కా," అన్నాడు.

నర్సమ్మ కత్తిపీట పక్కకి జరిపింది. "నువ్వు ఎదురుగా నవ్వావురా," అంది. "నేను వంటింట్లోకెళ్ళి నవ్వాను."