పాలక్క అడిగిన ముద్ద

ఆ ఛార్జింగు స్టేషనులో ఆమెను అందరూ పాలక్క అంటారు. నిజానికి ఆమె ఏనాడూ పాలు అమ్మలేదు, ఇంట్లో పాడీ లేదు. ఆ పేరు ఎట్లా వచ్చిందో చెప్పాలంటే ముందు ఆమె నోటి సంగతి చెప్పాలి. దేవుడు ఆమెకు పెట్టే చెయ్యి ఇచ్చాడు గాని అడిగే నోరు ఇవ్వలేదు.

చిన్నప్పుడు బళ్ళో నీళ్ళకుండ దగ్గర వరుసలో నిలబడి, వెనకవాళ్ళని ఒక్కొక్కరినే ముందుకు పంపి, గంట కొట్టేసరికి దాహంతోనే లోపలికి పోయేదట. పెళ్ళయ్యాకా అంతే. కూరలో ఉప్పు చాలకపోతే అట్లాగే తినేసేది తప్ప అడిగి వేసుకునేది కాదు.

"అడగందే అమ్మయినా పెట్టదే పిచ్చిమొద్దూ! నేను అత్తను, నేనేం పెడతాను?" అని సాగదీస్తూనే అత్తగారు ఉప్పుడబ్బా ఇటు తోసేది. ఆ ఇద్దరి ప్రేమా ఎత్తిపొడుపుల్లోనే గడిచిపోయేది.

భర్త సరుకుల బండి నడిపేవాడు. నడుం దెబ్బతిని ఇంటిపట్టున కూర్చుని కారు సీట్లకు తొడుగులు కుట్టుకోవడం మొదలుపెట్టాక, స్టీరింగు ఆమె చేతికొచ్చింది. నేర్పిందీ ఆయనే. "బండికి భయం తెలీదు. నీకు భయం తప్ప ఏదీ తెలీదు. ఇద్దరూ కలిస్తే సరిగ్గా సరిపోతుంది, పోనీ" అన్నాడు. ఆయన అన్నట్టే అయింది. ఆమె చేతిలో బండి ఎవరికీ గీత పెట్టలేదు, ఎవరి మీదా హారను మోగించలేదు.

ఆసుపత్రివాళ్ళు ఆమెకు అప్పగించింది కరెంటు మీద నడిచే తెల్ల వ్యాను. వెనక నేలకు బిగించిన చల్లడబ్బా ఒకటి ఉంటుంది. తమ బిడ్డ తాగగా మిగిలిన పాలను కొందరు తల్లులు సంచుల్లో పట్టి గడ్డ కట్టించి ఉంచుతారు. ఆమె ఇల్లిల్లూ తిరిగి ఆ సంచులు తెచ్చి ఆసుపత్రిలో ఇవ్వాలి. అక్కడ పరీక్ష చేసి, వేడిచేసి చల్లార్చి, నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు పడతారు. దారిలో గడ్డ కరిగిందా, పారబోయాల్సిందే. డబ్బా చల్లదనం బండి బ్యాటరీ మీదే ఆధారం. అందుకే పొద్దున్నే తాళంచెవి తిప్పేముందు ఆమె కళ్ళు మూసుకుని, "స్వామీ, బండి నాది కాదు, పాలు నావి కావు. చేర్చే భారం నీదే" అని దణ్ణం పెట్టుకునేది.

ఆ తల్లుల్లో ఒకామె ఉండేది. రంగు వెలిసిన నీలం గేటు ఇల్లు. ఆమెకు పుట్టిన బిడ్డ దక్కలేదు. దక్కకపోయినా పాలు ఆగలేదు. ఆ చిన్నవయసు తల్లి ఏడుస్తూనే పాలు పిండి, సంచి మీద తారీఖు వేసి, గడ్డ కట్టించి ఇచ్చేది. మొదటిరోజు ఆ సంగతి తెలిసినప్పుడు పాలక్క ఆ చిన్న సంచిని రెండు చేతులతో పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయింది. లోకంలో ఇంత పెద్ద మనసుని దేవుడు ఇంత సన్నటి ఒంట్లో ఎట్లా ఇమిడ్చాడా అనుకుంది.

మంచి ఎండాకాలంలో ఒకరోజు ఆ పిల్ల సంచులు అందిస్తూ, "ఇవే ఆఖరివక్కా, పాలింక రావడం లేదు. చేరాక నాకొక్క మాట చెప్పవూ?" అంది.

"చెప్తానమ్మా. నేనే వచ్చి చెప్తాను" అంది పాలక్క.

కష్టమంతా ఆ రోజే వచ్చిపడింది. పగలంతా నిప్పులు చెరిగే ఎండ. డబ్బా ఊపిరాడనట్టు గురగురలాడుతూ బ్యాటరీని తాగేసింది. ఛార్జింగు పెట్టుకునే ఆసుపత్రి వెనక షెడ్డులో కరెంటు లేదన్నారు. ఊళ్ళో పెద్ద ఛార్జింగు స్టేషనులో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. అక్కడికి పోవాల్సిన బళ్ళన్నీ ఈ చిన్న స్టేషను మీద పడ్డాయి. ఇక్కడ ఉన్న మిషన్లే కొద్ది, వాటిలో పనిచేసేది ఆ రోజుకి ఒక్కటే. వరుస గేటు దాటి, టైర్ల కొట్టు దాటి, వీధి మలుపు దాకా పోయింది. ఏసీ వేస్తే ఉన్నది కాస్తా పోతుందని అందరూ అద్దాలు దించుకుని, అట్టముక్కలతో విసురుకుంటూ కూర్చున్నారు.

ఆసుపత్రి దాకా పోయేపాటి ఛార్జింగు లేక ఆమె వెళ్ళి వరుస చివర ఆగింది. డబ్బా మీద చల్లదనం చూపే అంకె అప్పటికే ఎర్రబడింది. ఆసుపత్రికి ఫోను చేస్తే, రెండో వ్యాను ఊరి అవతల ఉంది, రావడానికి సాయంత్రమవుతుందన్నారు. డబ్బా తెరిచి సంచులు ఇంకో కార్లోకి మారుద్దామంటే, తెరిస్తే ఉన్న చల్లదనమూ పోతుంది. అయినా ఎవరి కార్లోకి మారుస్తుంది? అక్కడున్నవాళ్ళంతా బ్యాటరీ అడుగంటి వచ్చినవాళ్ళే.

ఆ స్టేషనులో డ్రైవర్లకు ఒక మాట ఉంది, ముద్ద. మరీ అవసరం వచ్చినవాడు ఛార్జింగులో ఉన్న బండాయన దగ్గరికి పోయి, "అన్నా, ఒక్క ముద్ద" అంటాడు. ఆయన తన బండికి ఉన్న గన్ను తీసి, అదే ఆ తీగ చివరి పిడిని, అడిగినవాడికి కాసేపు ఇస్తాడు. ఇల్లు చేరేపాటి ఎక్కగానే తిరిగి తనకు పెట్టుకుంటాడు. దానికి రెండే కట్టుబాట్లు. ముద్ద అడిగినవాడు ముద్దే తినాలి, కంచం లాక్కోకూడదు. ముద్ద అడిగినవాడిని ఎందుకని అడగకూడదు. ఈ కట్టుబాట్లు ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. ఎండలో కలిసి కాగినవాళ్ళ మధ్య వాటంతటవే మొలిచాయి.

పాలక్క ఎంతోమందికి ముద్ద పెట్టింది. అడగడం మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఇవాళ అడగక తప్పదు. బండి దిగింది. దిగాక ఆమెకో ధర్మసందేహం వచ్చింది. ముద్ద పెట్టేది ముందున్నాయనే. కానీ ఆ ముద్ద ఎవరి ఆకలిలోంచి తీసి పెడతాడు? వరుసలో ఉన్న ప్రతివాళ్ళూ ఆ కాసేపు ఆగాలి కదా. మరి వాళ్ళని అడక్కుండా ఎట్లా?

అట్లా అడగడం ఆ స్టేషనులో ఎవరూ ఎరగరు. ఆమె మాత్రం వరుస తోక దగ్గర, తన ముందున్న కారుతో మొదలుపెట్టింది.

ఆ కారు డ్రైవరును గురకబాబు అంటారు. ఆగిన చోటల్లా నిద్రపోతాడు, కదలాల్సినప్పుడు వెనకవాళ్ళు తలుపు బాదాలి. ఆమె మెల్లిగా అద్దం మీద తట్టింది.

"కదిలిందా?" అంటూ ఉలిక్కిపడి లేచాడు.

"లేదు బాబూ. పిల్లల పాలున్నాయి నా దగ్గర, పాడైపోతాయి. ముందుకి పోయి ఒక్క ముద్ద అడుక్కుంటాను, మీరు సరేనంటే."

"పిల్లల పాలా? ఓస్! ఎదురు కొట్లో కావలసినన్ని ప్యాకెట్లు. పాడైతే ఇంకోటి కొనుక్కోక, దానికింత మొహం వేలాడేశావేంటక్కా?"

"అవి కొట్లో దొరకవు బాబూ. తల్లిపాలు. ఆసుపత్రిలో పసిపిల్లలకి."

గురకబాబు చెప్పుల కోసం కాళ్ళతో వెతుక్కుని కారు దిగాడు. "నువ్వడుగు, నేను పక్కన నిలబడతా. నీ గొంతు నీకే వినపడేట్టు లేదు" అన్నాడు.

ఆ ముందు కార్లో ఒక లెక్కల టీచరు స్టీరింగు మీద పరీక్ష కాగితాలు పెట్టుకుని దిద్దుకుంటోంది. విని, కాగితాలు సీటు మీద పడేసి దిగింది. ఆ ముందు కారులో వెనక సీట్లో ఓ ముసలమ్మ తడిగుడ్డ నెత్తినేసుకుని కూర్చుంది. నడుపుతున్న మనవడు వినేలోపే ఆమె విన్నది.

"ఏంటేంటీ? ఎవరి బిడ్డకో ఎవరి తల్లో పాలిస్తోందా? వాళ్ళకీ వీళ్ళకీ చుట్టరికమా?"

"ఏం లేదమ్మా. ఒకళ్ళనొకళ్ళు చూసుకోనైనా చూసుకోరు."

ముసలమ్మ నెత్తిమీది తడిగుడ్డ సర్దుకుంది. తరవాత, "ఒరే, తలుపు తియ్యి" అంది.

"ఎండ నాన్నమ్మా, నువ్వెక్కడికి?"

"నా కాళ్ళు, నా ఎండ. నీకెందుకురా, తియ్యి!"

ఇట్లా ఒక్కో కారూ దాటుతుంటే ఒక్కొక్కరూ దిగుతున్నారు. ఆమె మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు. అడగడమనే పనికే ఆమెకున్న ధైర్యమంతా సరిపోయింది. "సరేనమ్మా" అని ఒకరు, "ఇది కూడా అడగాలా తల్లీ" అని ఒకరు. కాదన్న నోరు లేదు.

ఛార్జింగులో ఉన్నది మీసాల మామ బండి. పాత టాక్సీ డ్రైవరు, మనిషి మంచివాడే గాని మాట గరుకు. అంతకు కాసేపటి ముందే, నిండిన బండి తియ్యడం లేదని వరుసలోవాళ్ళతో పెద్ద రగడ అయింది. నిండలేదని ఆయన, నిండిందని వాళ్ళు. ఇప్పుడు అద్దంలో చూసేసరికి వీధివీధంతా తన మీదికి నడిచొస్తోంది! ముందొక ఆడమనిషి, పక్కన చేతికర్రతో ముసలమ్మ, వెనక డ్రైవర్ల దండు. మీసాల మామ గబగబా అద్దాలెత్తుకుని తలుపులకి గడియలేసుకున్నాడు.

"కొట్టడానికొస్తే పోలీసుల్ని పిలుస్తా!" అని లోపల్నించి అరిచాడు.

పాలక్క అద్దానికి దగ్గరగా వంగి, చేతులు జోడించి, "అన్నయ్యా, ఒక్క ముద్ద" అంది.

ఆయనకి వినపడలేదు. గురకబాబు గొంతెత్తి, "ముద్ద మామా, ముద్ద! ముద్ద అడుగుతోంది!" అని కేకేశాడు.

అద్దం కిందికి దిగింది. "ముద్దా?" అని మామ అందరి మొహాలూ ఒకసారి చూశాడు. "ముద్ద అడగడానికి ఇంతమందా? ఒక్కదానివి వచ్చి అడిగితే పెట్టనా అమ్మా? నేనంత రాక్షసుణ్ణా?" ఎందుకని మాత్రం అడగలేదు. దిగి తన బండి నుంచి గన్ను ఊడదీసి చేత్తో పట్టుకుని, "బండి తీసుకురా" అన్నాడు.

అప్పుడు వెనక్కి తిరిగింది ఆమె. అప్పుడు చూసింది. ఇందాక తను దాటి వచ్చిన కార్లన్నీ తలుపులు తెరుచుకుని ఖాళీగా ఉన్నాయి. వాటిలోని మనుషులంతా తన వెనకే ఉన్నారు. తన జీవితంలో ఏ వరుసా ఆమె కోసం ఇట్లా లేచి నిలబడలేదు. కళ్ళు తుడుచుకుంటూ ముసలమ్మ భుజం పట్టుకుంది.

"ఏడవడానికి తరవాత టైముంది, ముందు బండి తే" అంది ముసలమ్మ.

"ఎడమకి కొయ్యి! ఇంకా రా, ఇంకా రా, చాలు!" అంటూ నలుగురూ నాలుగు పక్కల నిలబడి వ్యానుని ముందుకు తెచ్చారు. గన్ను పెట్టగానే చల్లడబ్బా ఒక్కసారి నిట్టూర్చినట్టు మోగి, నిదానంగా పని మొదలుపెట్టింది. ఇందాకటి దాకా కేకలేసుకున్న మనుషులు, చెమటలు కారుతూ, దేవుడి ముందు నిలబడ్డట్టు చడీచప్పుడూ లేకుండా ఆ చిన్న అంకెనే చూశారు. ఎర్రటంకె ఆగింది. కిందికి దిగింది. పచ్చబడింది. ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు.

ఆసుపత్రి చేరేపాటి ఎక్కగానే పాలక్క గన్ను తానే తీసి మామ చేతికిచ్చింది. "ఇంకాస్త పెట్టుకో" అన్నాడాయన. "ముద్దే అన్నయ్యా" అంది ఆమె.

ఆసుపత్రిలో నర్సమ్మ సంచులు నొక్కి చూసి, "రాయిలా ఉన్నాయి" అంది. అద్దం అవతల, ఏనాడో తెచ్చిన పాలని ఇంకో నర్సమ్మ సన్నటి గొట్టంలోంచి ఒక పిడికెడంత బిడ్డకి చుక్కచుక్కగా పడుతోంది. ఆ బిడ్డ కళ్ళయినా తెరవలేదు. అడగడం అసలే రాదు. పాలక్క చాలాసేపు ఆ చుక్కల వంక చూస్తూ నిలబడింది.

పొద్దు వాలుతుంటే, ఇంటికి పోయేందుకు ఛార్జింగు చాలక మళ్ళీ స్టేషనుకే వచ్చింది. వరుస తరగలేదు. గురకబాబు లేడు, టీచరు లేదు, ముసలమ్మా మనవడూ వెళ్ళిపోయారు. అన్నీ కొత్త మొహాలే. ఆమె వెళ్ళి తోకలో ఆగింది.

ముందు కారులోంచి ఎవరో తెలియనాయన దిగి వచ్చాడు. "మీరు పాలక్కేనా?"

"కాదండీ, నేను పాలు అమ్మను" అంది ఆమె. ఆ పేరు వినడం ఆమెకు అదే మొదలు.

"వెనక డబ్బా ఉన్న తెల్ల వ్యాను. నడిపే ఆవిడ అడగడానికి మొహమాటపడుతుంది, అడక్కముందే చెప్పమన్నారు. మీ చోటు ముందుంది, పదండి."

"ఎవరు చెప్పారండీ?"

"నా ముందాయన. ఆయనకి ఆయన ముందాయన చెప్పాట్ట. మొదట ఎవరన్నారో మాకు తెలీదు."

చూస్తే, మిషనుకి కాస్త ఇవతల రెండు కార్ల నడుమ ఒక వ్యాను పట్టేంత ఖాళీ ఉంది. ఇందాక వరుస చివర ఆమె వదిలి వెళ్ళిన చోటే అది. వరుస కదిలినప్పుడల్లా వెనకవాళ్ళు ఆ ఖాళీని కూడా ఒక బండిలాగే లెక్కపెట్టి ముందుకు పోనిచ్చారు. ఆమెను చూసినవాళ్ళు ఇళ్ళకు పోయాక, ఆమెను ఎరగనివాళ్ళు దాన్ని కాపాడారు. ఎవరూ నడపని చోటు తనంతట తాను వరుసలో నడుచుకుంటూ మిషను దాకా వచ్చేసింది. ఆ ఖాళీలోకి వ్యాను పెడుతూ ఆమె, ఇది మనుషుల పనా, స్వామీ, నీ పనా అనుకుంది. రెండూ ఒకటేనేమో అనిపించింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర, "అత్తయ్యా, కాస్త ఉప్పు" అంది. అత్తగారు చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని కొడుకు వంక చూసింది. "ఒరే, దీనికి జ్వరమేమో చూడరా!"

మర్నాడు నీలం గేటు దగ్గర తీసుకోవలసిన సంచులేవీ లేకపోయినా వ్యాను ఆగింది. ఆ పిల్ల బయటికొచ్చింది.

"చేరాయమ్మా" అంది పాలక్క. ఎండ సంగతీ, వరుస సంగతీ, మామ గడియలేసుకున్న సంగతీ, ఖాళీ చోటు సంగతీ అన్నీ చెప్పింది. ఇన్నాళ్ళలో ఆమె అంతసేపు మాట్లాడ్డం ఆ పిల్ల వినలేదు. మామ గడియల దగ్గర నవ్వింది కూడా. తరవాత గేటు ఊచ పట్టుకుని, "నా పాల కోసం ముసలమ్మ కూడా ఎండలో నడిచిందా అక్కా? ఎందుకూ?" అంది.

"ముద్ద విషయంలో ఎందుకని అడగకూడదమ్మా" అంది పాలక్క, ఆ చేతి మీద తన చెయ్యి వేసి.