దారం ఒగ్గే రీలు

ఏట్లో నాలుగు చేపలు పట్టడానికి ఇంత సరంజామా దేనికని నన్ను ఇప్పటికీ ఎగతాళి చేసేవాళ్ళున్నారు. చేయనీండి. ఏడో తరగతితో బడి మానేసి, ఉక్కు కర్మాగారంలో ఫిట్టరుగా మరలు విప్పుతూ బిగిస్తూ బతికినవాణ్ణి నేను. తెలియనిదేదైనా పక్కన డిక్షనరీ పెట్టుకుని చదివి నేర్చుకున్నాను. కర్ర, రీలు, తంగూసు దారం మూడూ ఒకదానికొకటి కుదరాలన్న సంగతి మాత్రం చదివింది సగం, ఒక మనిషి దగ్గర చీవాట్లు తిని తెలుసుకున్నది సగం.

తొంభైలు ముగుస్తున్న రోజులవి. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చి ఉక్కునగరం క్వార్టర్లో ఉండేవాణ్ణి. ఆదివారం తెల్లవారుతూనే చేపల కోసం ఫిషింగ్ హార్బరుకు పోయేవాణ్ణి. అక్కడ మరబోటు మీద పనిచేసే ఒకతనితో స్నేహం కలిసింది. చుట్టరికం ఏమీ లేదు. మొదటిరోజే నన్ను బావా అన్నాడు, నేనూ అన్నాను, అంతే. చూపుడువేలి మీద గేలం దారం వేసుకుని, అడుగున ఎర కొరికింది ఏ చేపో చెప్పగలిగేవాడు. నోరు మాత్రం ఊరుకునేది కాదు. "ఏటి బావా, ఇది సచ్చి ఎన్నాళ్ళయ్యిందో అడిగే కొన్నావేటి?" అని వేలంపాటలో అందరి ముందూ నా పరువు తీసేవాడు.

ఒకనాడు వల తాడును చుట్టి లాగే వించి యంత్రంలో అతని కుడిచెయ్యి ఇరుక్కుంది. ఇంజను ఆపేలోపే నాలుగు వేళ్ళు పోయాయి. బొటనవేలు మిగిలింది.

ఆ తర్వాత మనుషులు మాట్లాడిన తీరు తలుచుకుంటే నాకు ఈ వయసులోనూ ఒళ్ళు మండుతుంది. బోటు యజమాని "తగ్గాక చూద్దాంలే" అని వెళ్ళినవాడు మళ్ళీ ఆ వీధి తొక్కలేదు. సీతమ్మధారలో ఒక డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళితే, ఆయన కాగితం మీంచి తలెత్తకుండానే "ఇంక ఇంటిపట్టున కూర్చోబెట్టండి" అన్నాడు. నలభై నిండని మనిషిని! బావ నిజంగానే కూర్చున్నాడు. ఆరు నెలలు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. హాస్యం లేదు, కోపం లేదు. వాళ్ళావిడ ఒకరోజు నన్ను గుమ్మంలో ఆపి, "అన్నియ్యా, ఎనకటికి తిడతన్నాడని ఏడిసేదాన్ని. ఇప్పుడు తిట్టడం నేదని ఏడుత్తన్నాను" అంది.

ఆ చేతికి మళ్ళీ ఒక చేప తగిలితే తప్ప ఆ మనిషి గోడవైపు నుంచి ఇటు తిరగడనిపించింది. బోటెక్కడం ఎలాగూ అయ్యేది కాదు. అనకాపల్లి దగ్గర శారదా నది ఉంది కదా, ఒడ్డున కూర్చుని పట్టొచ్చు.

హార్బరు దారిలో ఒక దుకాణంలో అడిగితే, ఉన్నవాటిలోకెల్లా పెద్ద రీలు, పొట్టి లావుపాటి కర్ర, పురికొసంత దారం చేతిలో పెట్టాడు దుకాణదారు. "సముద్రంలో ఆగింది ఏట్లో ఆగదేటండీ?" అన్నాడు. నాకూ సబబే అనిపించింది. మనవాళ్ళ తెలివంతా ఇంతే. లావుగా ఉంటే గట్టిది, గట్టిదైతే మంచిది.

బావను అనకాపల్లి తీసుకెళ్ళి ఏటి ఒడ్డున నేను విసిరితే, దారానికి కట్టిన సీసం గుండు మా కాళ్ళ దగ్గరే పడింది. ఆ దారం రీలు మీంచి స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా లేచింది. అంత చిన్న గుండుకు ఆ కర్ర కొస కూడా వంగలేదు. నేను రెండుసార్లు విసరడం బావ చూశాడు.

"నలుగురూ నన్ను సూసి నవ్వాలని తెచ్చినావేటి బావా?" అని లేచి బస్సు వైపు నడిచాడు.

ఆ మాట నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. పాత పుస్తకాల బండి మీద చిరిగిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికితే మాట మాటకీ అర్థం వెతుక్కుంటూ చదివాను. నా తప్పు తెలిసింది. దుకాణంలో ముందు రీలు చూపిస్తారు. మనం ముందు చూసుకోవాల్సింది చేపని. జానెడు శీలావతికి, జెల్లకి చిటికెనవేలి గోరంత సీసం గుండు చాలు. ఆ గుండు బరువుకు కొస వంగేటంత సన్నని పొడుగు కర్ర కావాలి. ఆ కర్ర విరిగేదాకా రాకుండా ముందు తానే తెగిపోయే సన్నదారం కావాలి. ఆ దారానికి గుప్పెట్లో పట్టే రీలు చాలు. రీలు బిగించాక, దానికి కాస్త ముందు కర్రను ఒక వేలి మీద ఆనిస్తే అటూ ఇటూ వాలకుండా నిలవాలి.

అన్నీ మార్చాను. రీలు తిప్పే పిడిని మర విప్పి ఎడమవైపుకు బిగించుకోవచ్చని ఆ దుకాణదారుకే తెలియదు, నేను విప్పి చూపిస్తే నోరు తెరిచాడు! కర్ర అడుగుభాగాన్ని బావ కుడి ముంజేతికి కట్టడానికి సైకిల్ ట్యూబు ముక్క కోశాను. ఎడమచేత్తో విసరడం, ఎడమచేత్తో తిప్పడం, కుడిచెయ్యి ఆసరా.

ఈసారి వాళ్ళావిడ పోరగా పోరగా వచ్చాడు. దారం చూసి, "ఈ ఎంట్రుకతో సేపని పడతావేటి?" అన్నాడు. విసిరితే మాత్రం ఏటి మధ్యలో పడింది. కాసేపటికి కర్ర కొస వంగింది. ఆ వెంటనే దారం ఠప్పున తెగింది.

"సెప్పనేదా నాను?"

రీలు చూశాను. దారం జారకుండా పట్టే బ్రేకు మరను నేను వదులుగా పెడితే, నాకు తెలియకుండా బిగించేశాడు.

"నువ్వు బిగించబట్టే తెగింది! అది వదలాలయ్యా!"

"ఒగ్గితే సేప ఎల్లిపోద్ది గదా! ఒగ్గీడానికేటి పట్టుకోడం?"

వదలడాన్ని ఇక్కడివాళ్ళు ఒగ్గడం అంటారు. నా సంచిలో లీటరు మంచినీళ్ళ సీసా ఉంది. దాన్ని దారం చివర కట్టి, మర వదులు చేసి, పైకెత్తమన్నాను. కర్ర వంగింది, రీలు కిర్రుమంటూ దారాన్ని ఇచ్చింది, సీసా నేల మీదే ఉంది.

"చూశావా, తెగేంత లాగుడు రాకముందే జారుతుంది. మా ప్లాంటులో మిషన్లకూ ఇలాంటి క్లచ్చే ఉంటుంది. ఏదన్నా అడ్డంపడితే జారిపోతుంది, విరగనివ్వదు" అని ఉత్సాహంగా చెప్పుకుపోయాను. చెప్పాక గాని నేనేం అన్నానో నాకు తెలియలేదు.

అతను సీసాను ఎత్తుతూనే ఉన్నాడు. కిర్రు. మళ్ళీ కిర్రు.

"ఆ వించికి ఇలాటిది ఉంటే?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను.

"ఉండేది బావా నీ చెయ్యి."

"ఆర్నెల్లై నా తప్పే అనుకుంతన్నాను బావా. సెయ్యెందుకెట్టినాన్రా అని. అందరూ అదే అడిగినారు, సెయ్యెందుకెట్టినావని."

ఎవ్వరూ వించి గురించి అడగలేదు. మరలతో బతికేవాణ్ణి, నేనూ అడగలేదు. అదే నాకు సిగ్గు.

అతను కళ్ళు తుడుచుకుని వించిని తిట్టాడు, దాన్ని కొన్నవాణ్ణి తిట్టాడు, వాడి ముందు మూడు తరాల్నీ తిట్టాడు. అంత చక్కటి తిట్లు ఆరు నెలల తర్వాత విన్నాను. నా వంతు నేనూ కలిపాను. అవతల బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు మూట సర్దుకుని లేచిపోయారు.

తర్వాత బ్రేకు తానే సరిచూసుకుని విసిరాడు. ఎడమచేతి చూపుడువేలు దారానికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "సీలావతి" అన్నాడు. కర్ర వంగింది, రీలు అరిచింది.

"ఒగ్గుతంది బావా! ఒగ్గుతంది!"

"ఒగ్గనీ!" అన్నాను నేను, వాళ్ళ భాషలోనే.

జానెడుంది. శీలావతే.

తరువాతి ఆదివారం ఇంటికెళితే బావ లేడు. మొదటి బస్సుకే అనకాపల్లి పోయాడంది వాళ్ళావిడ. నాకు కోపం వచ్చింది. ఇంత చేసినవాణ్ణి, ఒక్క మాట చెప్పొద్దూ? రెండు బస్సులు మారి వెళ్ళాను. ఒడ్డున కూర్చునున్నాడు. ట్యూబు ముడి పళ్ళతో బిగించుకున్నట్టున్నాడు, చివర నలిగి ఉంది.

"నన్ను పిలవవేం?"

"నువ్వొత్తే నెక్చర్లు ఇత్తావు బావా. సేపలు పారిపోతన్నాయి" అని, తువ్వాలు పక్కకు లాగి నాకు చోటిచ్చాడు.

కూర్చున్నాను. గంటసేపు నోరెత్తలేదు. అది నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు తెలుసు.