బాపుకు షుగర్ వచ్చింది

మా బాపు, అంటే మా నాన్న, జన్మలో ఒక్కసారే ఎన్నికల్లో నిలబడ్డాడు. నిలబడి రెండు వారాలు తిరక్కముందే కూర్చున్నాడు. పోటీ నుంచి తప్పుకున్నవాణ్ని మా దిక్కు "కూసున్నడు" అంటారు. ఆ మాటలో బొత్తిగా మర్యాద లేదు. తనంత తాను కూర్చోలేదు, ఎవరో కూర్చోబెట్టారు, ఊరికే కూర్చోబెట్టలేదు అని దానర్థం. బాపును కూర్చోబెట్టింది నిజామాబాద్‌లో ఒక డాక్టరు. ఊరు మాత్రం ఆ పని చెరుకు ఫ్యాక్టరీ చేసిందనుకుంది. ఫ్యాక్టరీకి పాపం ఈ సంగతే తెలియదు. ఊరు అలా అనుకోవడానికి కారకురాలిని నేను.

అరవైల చివరి మాట ఇది. నేను నిజామాబాద్‌లో ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పేదాన్ని. వారమంతా ప్రకృతి వికృతులూ నానార్థాలూ వల్లె వేయించి, శనివారం మధ్యాహ్నం బోధన్ బస్సెక్కి, అక్కడ దిగి వర్ని బస్సు పట్టుకుని ఊరికి పోయేదాన్ని. నానార్థాలంటే ఒకే మాటకు రెండు మూడు అర్థాలుండడం. పిల్లలకు అది తలకెక్కకపోతే నాకు కోపం వచ్చేది. ఇద్దరు ముగ్గురికి తొడపాశం కూడా పెట్టాను.

కాలువ కింద మాకు చెరుకు ఉండేది. కొట్టిన చెరుకు బండ్లకెత్తి బోధన్ తోలుకుపోతే ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల వరుస కనుచూపు మేర. వంతు వచ్చేసరికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు. ఆ ఎండకు చెరుకు బరువు తగ్గుతుంది, ఎడ్లు చిక్కుతాయి, మనిషి నోరు మాత్రం పెరుగుతుంది. అలా పెరిగిన నోళ్లలో పెద్దది బాపుది. ఒక పొద్దు ఆ వరుసలోనే నలుగురూ కూడి, "గింత మాట్లాడుతున్నవు, అసెంబ్లీకి నువ్వే నిలవడరాదే అన్నా" అన్నారు. అన్నవాళ్లలో ముందున్నవాడు మా పక్క చేను ఆయన. నేను బాబాయి వరసన కాక అని పిలిచేదాన్ని. నామినేషన్ కాగితం మీద బాపు పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టింది ఆయనే. పెట్టేముందు బాపు చెయ్యి పట్టుకుని అడిగాడు.

"అన్నా, నడిమిట్ల కూసుంటవా?"

"కూసోను."

"కూసుంటె నేను గేటు కాడ మొకం సూపియ్యలేను."

"కూసోనని సెప్పిన గద."

బాపుకు పార్టీ లేదు, జీపు లేదు, జెండా లేదు. ఉన్నదల్లా ఆ మాట. దాని మీదనే నడిచింది ప్రచారమంతా.

కాక సైకిల్ తొక్కేవాడు, బాపు వెనక కూర్చునేవాడు. ఊరికొక ఉపన్యాసం. "బండి ఎండల నిలవడితె సెరుకెండుతది, సెరుకెండితె తూకం పోతది, తూకం పోతె మన పానం పోతది" అని అందుకోవడం, ఐదు నిమిషాలు కాగానే "జర ఆగుండ్రి, ఒంటికి పోయొస్త" అని దిగిపోవడం. తిరిగొచ్చి చెంబెడు నీళ్లు తాగి మళ్లీ ఎండ దగ్గర నుంచి మొదలు. మళ్లీ ఐదు నిమిషాలకు ఒంటికి. ఒక ఊళ్లో ముసలాయన, "అందరు ఓట్లడుగ వస్తరు, గీయన మా గోడలు తడుప వస్తుండు" అన్నాడట. ఈ మాట బాపే ఇంటికొచ్చి చెప్పి పడీ పడీ నవ్వాడు.

అవ్వ నవ్వలేదు. మా అమ్మను మేము అవ్వ అనేవాళ్లం. ఆమె చూపు బాపు కాలి మీద ఉంది. కొట్టేసిన చెరుకు మొదలు గుచ్చుకుని కుడికాలి వేళ్ల కింద పుండైంది. నెల దాటినా మానలేదు. "ఇందూరు పసుపంత దీనికే పెట్టిన, కూరల ఎయ్యనీకి లేకుంటయింది" అని అవ్వ నాకు మొర పెట్టుకుంది. నిజామాబాద్ ఆమెకు ఇందూరే. ఆ సోమవారం బాపును నా వెంట నిజామాబాద్ తీసుకుపోయాను.

డాక్టరు గాజు గొట్టంలో నీలం మందు పోసి, బాపు ఇచ్చిన దాంట్లోంచి కొన్ని చుక్కలు వేసి దీపం మీద కాచాడు. నీలం కాస్తా ఇటుక రంగుకు తిరిగింది. బాపు గారడీ చూసినట్టు చూశాడు.

"షుగర్ ఉంది పెద్దమనిషీ" అన్నాడు డాక్టరు. "సూది మందు రాస్తాను. రెండు నెలలు కూర్చోవాలి. కాలు కింద పెట్టొద్దు."

"ఎలక్షన్లున్నయి సాబ్."

"ఎలక్షన్లు ఐదేళ్లకోసారి వస్తాయి. కాలు రాదు."

బడికి సెలవు పెట్టి బాపును ఇంటికి తీసుకొచ్చాను. మర్నాడు బోధన్‌లో ఎన్నికల అధికారికి కాగితమిచ్చి నామినేషన్ వాపసు తీసుకున్నాడు. కాక ఆ వారం చుట్టాల పెళ్లికి పొరుగూరు పోయాడు. ఆయన వచ్చేలోగానే ఊరూరా సంగతి తెలియాలని, తను దాక్కుంటున్నట్టు ఉండకూడదని, బాపు నాతో ఒక కరపత్రం రాయించాడు. నిజామాబాద్‌లో అచ్చు వేయించి పంపే బాధ్యత కూడా నాదే.

మధుమేహం అని రాద్దామని కలం పెట్టాను. పల్లెటూరి వాళ్లకు ఈ సంస్కృతం ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. పంతులమ్మలకు ఉండే జబ్బు ఇది, ఎదుటివాళ్లకు తెలియదనుకోవడం. నలుగురికీ తెలిసిన మాట వాడాలని నాకు నేనే నీతి చెప్పుకుని, ఇలా రాశాను: "రైతు సోదరులారా! నాకు షుగర్ వచ్చినందువల్ల పోటీ నుంచి విరమించుకుంటున్నాను. ఇకమీదట నేను కూర్చుని ఉండవలసి వచ్చింది. ఇందులో దాపరికం ఏమీ లేదు. మీకు తోచినవారికి ఓటు వేయగలరు." కింద బాపు సంతకం. అచ్చయి వచ్చాక చదువుకుని మురిసిపోయాను కూడా.

ఇప్పుడు చెప్పాలి. మా దిక్కు అప్పట్లో షుగర్ అంటే ఫ్యాక్టరీ. "షుగర్ల ఉన్నడు" అంటే ఫ్యాక్టరీలో కొలువు చేస్తున్నాడని. "షుగర్ వచ్చింది" అంటే ఆ కొలువు దొరికిందని. ఆ మాటలోనే పుట్టి పెరిగిన దాన్ని, నాకు తెలియక కాదు. డాక్టరు నోట విన్న కొత్త అర్థం పాత అర్థాన్ని మింగేసింది. జబ్బును మా ఊళ్లో పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు. ఒంటికి పోయిన చోట చీమలు పట్టే రోగం అనేవాళ్లు, అంతే.

ఆ శనివారం వర్ని బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు ఫలానా ఆయన బిడ్డవే గదా? పెండ్లెప్పుడు?" అంది.

"ఎవరి పెండ్లి?"

"నీదే. అల్లునికి షుగర్ల కొలువిస్తెనే మీ బాపు కూసున్నడట గద. కాయితం మీద అచ్చేసి సెప్పిండు, ఎంత ధైర్యం!"

బాపుకు కొడుకుల్లేరు కాబట్టి, కొలువు ఇప్పించుకోవడానికి ఊరు ఆయనకొక అల్లుణ్ని పుట్టించింది. నాకు తెలియకుండానే నాకు మొగుడు కుదిరాడు. ఆ పెళ్లికొడుకు నెలకు నాలుగు బస్తాల చక్కెర ఇంటికి తెస్తాడని కూడా ఆమే చెప్పింది. నవ్వు రావలసిన మాట. కానీ దాపరికం ఏమీ లేదని నేనే రాసిన వాక్యం గుర్తొచ్చింది.

ఇంటికి పోయేసరికి బాపు అరుగు మీద కాలు చాపుకుని ఉన్నాడు. నేనేమీ చెప్పకముందే, "తెలిసింది బిడ్డా" అన్నాడు. కాక ఊరి నుంచి వచ్చి రెండు రోజులైనా ఇటు తొంగి చూడలేదట. అవ్వ లోపలి నుంచి, "రాసినప్పుడు జర నాకన్న సదివి ఇనిపియ్యవైతివి" అంది. చదువు రాని మా అవ్వ వింటే ఆ తప్పు అక్కడే పట్టేసి ఉండేది. నాకు ఏడుపొచ్చింది. బాపు మాత్రం, "ఏడ్వకు బిడ్డా, నీకు బడున్నది, నువ్వు ఊకో" అన్నాడు.

మర్నాడు మా చెరుకు తోలే వంతు. జీతగాడు తోలుకుపోతాడు కదా అని ఎంత చెప్పినా బాపు వినలేదు. "అందరు ఆడనే ఉంటరు" అని బండెక్కాడు. నేను బోధన్‌లో నిజామాబాద్ బస్సెక్కాలి కాబట్టి అదే బండిలో ఎక్కాను.

వరుసలో మా ముందు మూడో బండి కాకది. బాపు గుడ్డ చుట్టిన కాలుతో కుంటుకుంటూ ఆయన దగ్గరికి నడిచాడు. కాక లేవలేదు.

"ఏందన్నా, నువ్వు సుత వరుసల నిలవడితివి? షుగర్ వచ్చినోనికి వరుసెందుకు?"

"తమ్మీ, గది కొలువు షుగర్ కాదు. రోగం. ఒంటికి పోతె సీమలు పడ్తయి సూడు, గది."

"ఎవలు సూసిండ్రు?"

చుట్టూ పది పదిహేను మంది చేరారు. అసెంబ్లీకి పోవలసిన మనిషి, పంచె సర్దుకుని, గోడ పక్కకు పోయి, అందరికీ వీపు తిప్పి కూర్చున్నాడు. పని కానిచ్చి లేచి, "ఇగ సూడుండ్రి" అన్నాడు. నేను మొహం తిప్పుకున్నానని చెబితే అబద్ధం. అందరితో పాటు నేనూ చూశాను.

పదిహేను మంది చెరుకు రైతులు బీడీలు ముట్టించి, ఆ తడిసిన నేల చుట్టూ గొంతుక్కూర్చుని చీమల కోసం కాచుకున్నారు. మరాఠీ బండివాళ్లు కూడా వచ్చి, "కాయ్ ఝాలం, ఏమైంది?" అని అడిగి, చెప్పగానే వాళ్లూ కూర్చున్నారు. బెత్తెడు దూరంలో చీమలు బారులు తీరి పోతూనే ఉన్నాయి. ఒక్కటీ ఇటు తిరగలేదు. ఎందుకు తిరుగుతాయి? అటు పక్క నలిగిన చెరుకు రసం, కారిన మడ్డి బెల్లం గుంటలు కట్టి ఉంది. గేటు ముందు పుట్టి పెరిగిన చీమలకు మా బాపు తీపి ఏ మూలకు? చివరికి ఒక చీమ బారు విడిచి వచ్చింది. అందరూ ఊపిరి బిగబట్టారు. అది మీసాలు ఆనించి చూసి, వెనక్కు మళ్లిపోయింది.

కాక లేచి తుండు దులుపుకున్నాడు. "సీమలు అబద్ధం ఆడవన్నా" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. బాపు ఎండలో గుడ్డ చుట్టిన కాలి మీద నిలబడి ఉన్నాడు. కరపత్రం రాసింది నేను, మాట తప్పు పడింది నా వల్ల అని అప్పుడు నేను చెప్పాలి. నోరు రాలేదు. తెలుగు పంతులమ్మ తెలుగు రాయరాక తండ్రి పరువు తీసిందని ఆ పదిహేను మంది పదిహేను ఊళ్లకు చెబుతారని భయపడ్డాను. బస్సుకు వేళవుతోందని చెప్పి వచ్చేశాను. నా జీవితంలో నేను చేసిన పిరికి పనుల్లో అది మొదటిది.

ఆ పొద్దూ మర్నాడూ బాపు వరుసలోనే నిలబడ్డాడట, బండి మీద కూర్చోమన్నా కూర్చోకుండా. కూసున్నడు అనిపించుకోవడం చాలు అనుకున్నాడేమో. ఎన్నికలు అయిపోయాయి, ఎవరో గెలిచారు. ఎండాకాలం రాకముందే నిజామాబాద్ ఆస్పత్రిలో బాపు కుడికాలి వేళ్లు రెండు తీసేశారు.

బాపు ఇంటికొచ్చిన నాలుగో రోజు సాయంత్రం కాక వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి కట్టు వైపు చూశాడు. చాలాసేపు చూసి, చంకలోంచి మోదుగాకు పొట్లం తీసి బాపు చేతిలో పెట్టాడు. విప్పితే బెల్లం ముద్ద, కొత్త బెల్లం. తన చేతులతో వండిన మొదటి పాకమట. తప్పు ఒప్పుకోవడానికి వచ్చిన మనిషి చక్కెర జబ్బు వాడికి బెల్లం తెచ్చాడు. మా దిక్కు వట్టి చేతులతో పోగూడదు, తీసుకుపోవడానికి తీపి తప్ప ఇంకొకటి తెలియదు.

అవ్వ నోరు తెరిచేలోగా బాపు చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. నెలల తర్వాత తిన్న తీపి. కళ్లు మూసుకుని చప్పరించి, "మంచిగ దిగింది పాకం" అన్నాడు.

"తప్పయింది అన్నా" అన్నాడు కాక.

అప్పుడు నాకు ఆగలేదు. "తప్పు నీది కాదు కాకా, నాది. ఆ కాయితం రాసింది నేను. షుగర్ అని రాసింది నేను" అన్నాను. గేటు ముందు రావలసిన మాట నాలుగు గోడల మధ్య వచ్చింది.

కాక నన్ను చూశాడు, బాపును చూశాడు. "మరి ఆ పొద్దు సెప్తె ఏమాయె అన్నా? బిడ్డ తప్పు రాసిందంటె అయిపోవు గద."

"సెప్తె నన్నిడిసిపెట్టి దీన్ని పట్టుకుందురు. దీనికింక బడున్నది, పిల్లలకు సదువు సెప్పేదున్నది. రాసింది ఎవలైతేంది, సంతకం నాది."

కాక తల వంచుకున్నాడు. "రేపు గేటు కాడ అందరికి సెప్త అన్నా, పంతులమ్మ తప్పు రాసిందని" అన్నాడు.

"గది సెప్పకు" అన్నాడు బాపు. "కాలివేళ్లు రెండు పోయినయని సెప్పు. గంత సాలు."

అని రెండో ముక్కకు చెయ్యి చాపాడు. నేను ముద్ద లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాను.